పిప్పరమెంట్లు కరిగించి చేసిన కిటికీలు

మీలో నలభై యేండ్లు దాటినవారికి బొంబాయి మిఠాయి అమ్మే మనిషి జ్ఞాపకముండే ఉంటాడు. భుజము మీద పొడుగాటి వెదురు గడ, గడ కొనకు చేతులు తట్టే బొమ్మ, బొమ్మ క్రింద ఎర్రగా తెల్లగా మెలితిరిగిన చక్కెర ముద్ద. పది పైసలిస్తే ఆ ముద్దలోనుండి ఒక తీగ లాగి, వ్రేళ్ళతోనే గడియారము చేసి మన చేతికి కట్టేవాడు. అడిగితే చిలక చేసేవాడు, ఉంగరము చేసేవాడు. ఆ గడియారమును తినాలా, దాచుకోవాలా అని ఊరంతా తిరిగి, చివరికి చెమటకు అది చేతికి అంటుకుపోయాక నాకేసేవాళ్ళము.

ఆ మనిషి చేతిలోని విద్య క్రిస్మసు కేకు మీదికి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఎలా వచ్చిందో, వచ్చే దారిలో మేము చేసిన తప్పులేమిటో మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కరవు యేడు, క్రిస్మసు కేకు

2023లో వానలు మొగము చాటేశాయి. కర్నూలు జిల్లాలో అనేక మండలములను ప్రభుత్వము కరవు మండలములుగా ప్రకటించింది. మంత్రాలయము, కోసిగి, ఆదోని వైపు వారికి వేరే చెప్పనక్కరలేదు. వాన లేని యేడు ఊళ్ళు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయ కోతకు గుంటూరు వైపు వెళ్ళిన తల్లిదండ్రులు నెలల తరబడి తిరిగి రారు. పిల్లలు జేజి దగ్గరనో, పెద్దమ్మ దగ్గరనో ఉండిపోతారు. ఆ డిసెంబరులో మా సండేస్కూలులో పదునాలుగుమంది పిల్లలుంటే, తొమ్మిదిమందికి అమ్మా నాయనా ఊళ్ళో లేరు.

ప్రతి యేడూ క్రిస్మసు రాత్రి ఆరాధన తరువాత పట్టణమునుండి తెప్పించిన పెద్ద కేకు కోసి అందరికీ పంచడము మా సంఘములో వాడుక. ఆ యేడు సంఘ పెద్దలు కూర్చుని, “అయ్యగారూ, ఈ తూరి కేకు వద్దు. ఆ దుడ్డుతో నాలుగిండ్లకు బియ్యము వస్తుంది” అన్నారు. ఆ మాట న్యాయమే. నేనూ తలూపాను. కాని ఇంటికి వచ్చేసరికి సండేస్కూలు పిల్ల ఒకతె మా గడప మీద కూర్చుని ఉంది. “అయ్యగారూ, కేకు ఉంటుంది కదా? మా అమ్మకు ఫోనులో చెప్పినా” అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నా భార్య అన్నది: “కేకు మనమే చేద్దాము. ఇసుక పోసిన దబరలో చేయడము నాకు వచ్చు. పైన పూతకు, పూలకే కదా పట్టణములో ఎక్కువ తీసుకునేది. ఆ అలంకారము పిల్లల చేత చేయిద్దాము.” దేనితో అని అడిగితే, అంగడిలో రూపాయికి దొరికే పిప్పరమెంటు బిళ్ళలతో అన్నది. ఎర్రవి, పచ్చవి, పసుపువి కరిగించి పోస్తే రంగు అద్దములవుతాయి. వాటితో ఆలయము కిటికీలు చేసి కేకు చుట్టూ నిలబెట్టవచ్చునని ఆమె ఆలోచన.

చక్కెర ఎలా అద్దమవుతుంది?

చేసే ముందు ఈ సంగతి తెలిసికోవడము మంచిది. చక్కెర మన దేశపు వస్తువే. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఖండ, శర్కర అనే మాటలున్నవి. ఆ శర్కర మాటే దేశాలు తిరిగి ఇంగ్లీషులో షుగరయింది. ఖండ అనే మాట పారసీకులు, అరబ్బుల మీదుగా పోయి క్యాండీ అయింది. మన కలకండలో ఆ ఖండ ఇంకా అలాగే ఉన్నది. ఇక బిళ్ళల తయారీలో మన రాయలసీమ కూడా వెనుకబడి లేదు. చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ కంపెనీ మిఠాయిలు ఎన్నో రాష్ట్రాల పిల్లలు తిన్నారు.

చక్కెరలో నీళ్ళు పోసి కాచితే, నీరు ఆవిరైన కొద్దీ పాకము వేడి పెరుగుతుంది. మన ఆడవారికి ఇది పుస్తకము చూడకుండానే తెలుసు. తీగ పాకము దాటి, సుమారు 115 డిగ్రీల దగ్గర నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది. అరిసెలకు కావలసినది అదే. ఇంకా కాచితే గట్టి ఉండ అవుతుంది. 150 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి, నీళ్ళలో వేసిన చుక్క గాజు ముక్కలాగా గట్టిపడి, విరిస్తే టక్కున విరుగుతుంది. పిప్పరమెంటు బిళ్ళ అంటే ఈ పాకమే. 160 దాటితే రంగు మారి, వాసన మారి, చేదుకు తిరుగుతుంది.

చక్కెర రెండు రకములుగా గట్టిపడుతుంది. చక్కెర రేణువులు వరుసలు తీరి కూడుకుంటే తెల్లగా, గరుకుగా అవుతుంది. పెండ్లిండ్లలో పెట్టే చక్కెర చిలకలు ఇలాంటివి. తుంగభద్ర అవతల కన్నడ దేశములో సంక్రాంతికి ఎళ్ళు బెల్లముతో పంచే సక్కరె అచ్చులూ ఇవే. నానబెట్టిన చెక్క అచ్చులలో పాకము పోసి, కావాలనే రవ్వ కట్టిస్తారు. అలాగాక రేణువులు వరుస కట్టే లోపలే పాకము చల్లారి బిగుసుకుపోతే, వెలుతురు దూరిపోయే అద్దమవుతుంది. పాకములో కాస్త నిమ్మరసమో, నిమ్మ ఉప్పో వేసేది ఇందుకే. ఆ పులుపు చక్కెరలో కొంత భాగమును విడగొట్టి, రవ్వ కట్టకుండా అడ్డుపడుతుంది.

మా మొదటి ప్రయత్నము, నా తప్పు

మొదటి దినము మేము బిళ్ళలను మందపాటి గిన్నెలో వేసి సన్నని సెగ మీద కరిగించి, నూనె రాసిన స్టీలు పళ్ళెములో పోశాము. పిల్లలు చుట్టూ మూగారు. ఎర్రని పాకము పళ్ళెములో పరచుకుంటుంటే అందరికీ సంబరము. నేను గిన్నెను గట్టు అంచున పెట్టి ఎవరో పిలిస్తే వాకిలి దాకా వెళ్ళాను. ఆ ఒక్క నిమిషములో మా తొమ్మిదేండ్ల చిన్నవాడు గిన్నె కాడ పట్టుకుని వంచాడు. పాకము వాని ఎడమచేతి మీద పడింది.

తల్లిదండ్రులారా, దయచేసి ఇక్కడ నెమ్మదిగా చదవండి. మరిగే నీళ్ళ వేడి 100 డిగ్రీలు. ఈ పాకము వేడి 150. పైగా నీళ్ళు జారిపోతాయి, పాకము చర్మమునకు అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వాని కేకకు నేను పరుగున వచ్చి, అంటుకున్న పాకమును గోటితో పీకబోయాను. పక్కింటాయన టూత్‌పేస్టు తెచ్చాడు. ఇంకొకరు సిరా అన్నారు. నా భార్య మాత్రము ఎవరి మాటా వినక వాని చెయ్యి కొళాయి క్రింద పెట్టి అదిమి పట్టుకున్నది.

తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరమ్మ చెప్పినది ఇది. వెంటనే చల్లని పారే నీటి క్రింద ఇరవై నిమిషములు ఉంచాలి. ఐసు పెట్టరాదు. ఉంగరము, గాజు, మొలతాడు వంటివి వాపు రాకముందే తీసేయాలి. చర్మమునకు అంటుకున్న పాకమును పీకరాదు, పీకితే దానితో చర్మము వస్తుంది. నీటికే అది మెల్లగా కరుగుతుంది. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏదీ పూయరాదు. శుభ్రమైన తడి బట్ట వదులుగా కప్పి తీసుకురావాలి. ముఖము, చేతులు, కీళ్ళ మీద కాలినా, పిల్లల అరచేతికన్న పెద్ద గాయమైనా ఆలస్యము చేయక 108కి ఫోను చేయాలి.

దేవుని దయవలన గాయము మూడు వారములలో మానింది. మణికట్టు దగ్గర చిన్న మచ్చ ఇంకా ఉన్నది. దానిని చూసినప్పుడెల్లా ఆ గిన్నె ఎక్కడ పెట్టానో గుర్తుకు వస్తుంది.

చిక్కీలు చేసే జేజి చెప్పిన మాట

ఇక ఈ పని మానేద్దామనుకున్నాను. మా సంఘములో చెనక్కాయ చిక్కీలు చేసి అమ్ముకుని పిల్లలను చదివించిన జేజి ఒకామె ఉన్నది. చేయి చూడడానికి వచ్చి, “పాకము తప్పు గాదు అయ్యగారూ. వేడి పని పెద్దోళ్ళది, చల్లని పని పిల్లోళ్ళది. మీరు రెండూ ఒకేచోట పెట్టినారు” అన్నది. ఆ ఒక్క మాటతో పద్ధతి మారింది.

ఆమె చెప్పినట్టే పనిని రెండుగా విడదీశాము. బిళ్ళలు దంచడము, చట్రములో నింపడము పిల్లల పని. పొయ్యి మీద పెట్టడము, దింపడము పెద్దల పని. కరిగిన పాకమును గిన్నెలోనుండి పోసే పనే లేకుండా చేశాము. ఎలాగంటే:

మొదట బిస్కట్టు పిండి. మైదా పావు కిలో, వెన్న 125 గ్రాములు, పొడి చేసిన చక్కెర 100 గ్రాములు, కలపడానికి చాలినన్ని పాలు. చపాతీ కన్న మందముగా, పెన్సిలు అంత మందాన ఒత్తాలి. ఆలయపు కిటికీ ఆకారములో, పైన గోపు వచ్చేటట్టు కోసి, మధ్యలో చిన్న చిన్న గళ్ళు తీసివేయాలి. చట్రము అంచు వ్రేలు వెడల్పుకు తగ్గితే విరుగుతుంది.

తరువాత బిళ్ళలు. వెలుతురు దూరే గట్టి బిళ్ళలే తీసుకోవాలి. పాల టాఫీలు, లోపల మెత్తని పదార్థము ఉండేవి పనికిరావు, మాడిపోతాయి. కాగితము తీసి, రంగు రంగు వేరుగా, మందపాటి గుడ్డలో చుట్టి గుండ్రాయితో రవ్వగా దంచాలి.

చట్రములను బటరు పేపరు మీద పరచి, ఓవెను ఉన్నవారు 170 డిగ్రీల దగ్గర పది నిమిషములు కాల్చాలి. బయటికి తీసి, గళ్ళలో బిళ్ళల రవ్వను అంచు దాకా నింపి మరల ఐదారు నిమిషములు పెట్టాలి. రవ్వ కరిగి మట్టమై, చిన్న బుడగలు రాగానే తీసేయాలి. ఇంకా ఉంచితే రంగు మాడుతుంది. ఓవెను లేనివారు మావలె అడుగున ఇసుక పోసిన పెద్ద దబరను పది నిమిషములు వేడిచేసి, లోపల ముక్కాలి మీద పళ్ళెము పెట్టి, మూత వేసి చేయవచ్చును. దానికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. మూత తీసి చూసుకుంటూ ఉండాలి. వేడి పళ్ళెమును నింపేటప్పుడు మాత్రము పెద్దవాళ్ళే చెంచాతో నింపాలి. మేము పిల్లల చేత ముందే ఏ కిటికీకి ఏ రంగో చిన్న గిన్నెలలో వేరు చేయించి పెట్టుకున్నాము.

దింపిన తరువాత కదపకుండా ఇరవై నిమిషములు చల్లార్చి, అప్పుడు కాగితము మీదినుండి తీయాలి. బిస్కట్టు చట్రములో ఉండుట వలన చక్కెర అద్దము అంచులు చేతికి గుచ్చుకోవు. విడిగా చేసిన చక్కెర అద్దము విరిగితే గాజుపెంకు వలె కోస్తుంది, మరువవద్దు. అయిదేండ్ల లోపు పిల్లలకు గట్టి ముక్కలు ఇవ్వరాదు, గొంతుకు అడ్డుపడవచ్చును.

పెద్దలు తమంతట తాము పూలు, ఆకులు చేయాలనుకుంటే, నూనె రాసిన పళ్ళెములో పోసిన పాకము చపాతీ పిండి పదునుకు వచ్చినప్పుడు నూనె రాసిన చాకుతో కోసి, గరిటె వెనుక భాగము మీద వంచాలి. ఆ పదును ఒకటి రెండు నిమిషములే ఉంటుంది. బొంబాయి మిఠాయి మనిషి ఆ పదును తెలిసినవాడు. మనకు అది రావడానికి చాలా బిళ్ళలు పాడవుతాయి.

రంగుల విషయము

మావాళ్ళలో ఒకాయన, “ముగ్గులలో వేసే గులాబీ రంగు చిటికెడు వేస్తే బాగా మెరుస్తుంది” అన్నాడు. అట్లు ఎప్పుడూ చేయవద్దు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినవి. బట్టలకు అద్దే రోడమిన్-బి అనే గులాబీ రంగు అందులో కనబడడమే కారణము. ఆ మార్చిలో కర్ణాటక కూడా ఆ రంగు వాడకమును నిషేధించింది. తినే పదార్థములలో వేయడానికి మన దేశములో ఎనిమిది కృత్రిమ రంగులకే అనుమతి ఉన్నది, వాటికీ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటరాదని హద్దున్నది. గనుక కాగితము చుట్టి, పైన పదునాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు అచ్చువేసిన బిళ్ళలే కొనండి. రంగు వేరుగా కలపనే వద్దు. బిళ్ళలోని రంగు చాలును.

తేమ అనే శత్రువు

చక్కెర అద్దమునకు నీరంటే ప్రాణము. గాలిలోని తేమను పీల్చుకుని మొదట జిగురవుతుంది, తరువాత తెల్లబడుతుంది. మన సీమ పొడి గాలిని మనము ఎంత తిట్టుకున్నా, ఈ పనికి మాత్రము అది మేలు చేస్తుంది. సముద్రము ఒడ్డున ఉండేవారికి ఇది ఇంకా కష్టము. అయినా డిసెంబరు తెల్లవారుజాము మంచు, ఏటి గట్టు చల్లదనము మాకూ ఉన్నవి. మొదట చేసిన నాలుగు కిటికీలను రాత్రి కేకు పక్కన తెరిచి పెడితే, తెల్లవారేసరికి అంటుకుపోయాయి.

గనుక చేసిన వెంటనే మధ్య మధ్య బటరు పేపరు వేసి, గాలి చొరని స్టీలు డబ్బాలో మూయాలి. ఫ్రిజ్‌లో పెట్టరాదు, బయటికి తీయగానే చెమట పడుతుంది. కేకు మీద ఆఖరు గంటలోనే అమర్చాలి. తడి పూత మీద నేరుగా గుచ్చక, ఆనే చోట వెన్న పూత మందముగా రాయాలి. వెన్న తేమను కొంత ఆపుతుంది.

మెదకు కిటికీలు, మా కిటికీలు

నింపే పని జరుగుతుండగా పిల్లలకు మెదకు దేవాలయము సంగతి చెప్పాను. కరవు కాలములో ఆకలిగొన్నవారికి పని చూపించి, ఆ పనికి కూలి ఇచ్చి పోస్నెట్ దొరగారు కట్టించిన ఆలయమది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందులోని రంగు అద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము కనబడతాయి. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు వాటిని రూపొందించాడు. పగటి వెలుతురు బయటినుండి వస్తేనే ఆ బొమ్మలు వెలుగుతాయి. చీకటి పడితే లోపలివారికి నల్లని గోడే. “అట్లయితే మన కిటికీల వెనుక దీపము పెట్టాలి” అన్నాడు ఒక పిల్లవాడు. ఆ రాత్రి కేకు మధ్య గుంట చేసి, అందులో గాజు గ్లాసులో చిన్న బ్యాటరీ దీపము పెట్టాము. కొవ్వొత్తి పెడితే వేడికి కిటికీలు వంగిపోతాయి.

క్రిస్మసు రాత్రి ఆరాధన అయ్యాక ఆలయములో లైట్లు ఆర్పాము. పదునాలుగు కిటికీలు ఎర్రగా, పచ్చగా, పసుపుగా వెలిగాయి. వంకరవి ఉన్నవి, పగిలినవి ఉన్నవి. ఎవరూ మాట్లాడలేదు. కేకు వద్దన్న సంఘ పెద్ద ఒకాయన కండువాతో కళ్ళు తుడుచుకోవడము చూశాను. నాలుగిండ్లకు బియ్యము కూడా వెళ్ళింది. మొత్తము ఖర్చు పట్టణపు కేకులో నాలుగవ వంతు కాలేదు.

కేకు కోశాక పిల్లలు ఎవరి కిటికీ వారు తీసుకున్నారు. చాలామంది అక్కడే నమిలేశారు. మా గడప మీద కూర్చుని అడిగిన ఆ పిల్ల మాత్రము తినలేదు. తన కిటికీని కాగితములో చుట్టి, జేజి స్టీలు డబ్బాలో పెట్టి, “మా అమ్మ వచ్చినాక” అన్నది.

2024 మార్చి 31న ఈస్టరు. దానికి ముందటి వారము వాళ్ళ అమ్మా నాయనా మిరపకాయ కోత ముగించుకుని వచ్చారు. ఆ పిల్ల డబ్బా తెచ్చి మా ముందరే తెరిచింది. మూడు నెలలకు బిస్కట్టు మెత్తబడిపోయింది. అద్దము అంచులు తెల్లబడినవి, మధ్యలో మాత్రము ఎరుపు ఇంకా నిలిచి ఉన్నది. పిల్ల మొగము చిన్నబోయింది. తల్లి మిరప ఘాటుకు పొక్కిన వ్రేళ్ళతో ఆ కిటికీని పట్టుకుని, వాకిట్లోకి పోయి, ఎండకెత్తి చూసింది. “కనబడుతుందిలే పాపా, బాగా కనబడుతుంది” అన్నది.

బిస్కట్టు కోడికి వేసి, ఆ ఎర్రని ముక్కను మూడు చేసుకుని తిన్నారు.

ఈ క్రిస్మసుకు మీ సంఘములో, మీ ఇంటిలో దీనిని చేసి చూడండి. వేడి పని మీరు చేయండి, చల్లని పని పిల్లలకు ఇవ్వండి. గిన్నెను మాత్రము గట్టు అంచున పెట్టవద్దు. దేవుడు మీ గృహములను కాపాడును గాక.